తోప్ కా సాంచా పక్క బడి

(తెలుగు సారు స్మారకోపన్యాసం పాఠం)



ముందుగా ఒక మాట. ఆహ్వానపత్రిక మీద సారు పేరు లేదు. ‘తెలుగు సారు స్మారకోపన్యాసం’ అని మాత్రమే ఉంది. ప్రెస్సువాళ్ళు మరిచిపోయారేమోనని ఇద్దరు ముగ్గురు నాకు ఫోన్ చేశారు. వాళ్ళేం మరిచిపోలేదు. తన పేరు మీద సభలూ, పేరు చెక్కిన రాళ్ళూ వద్దని ఆయన ఇంట్లో చెప్పిపోయారు. సభ పెట్టకుండా ఉండడం మా వల్ల కాలేదు, పేరు వేయకుండా ఉండడం మాత్రం అయింది. సారు మాట సగం దాటేశాం, సగం నిలబెట్టాం. బతికున్న రోజుల్లో కూడా మేం ఇంతే.

ఇక విషయం సంగతి. తెలుగు సారు సభలో ఇంగ్లీషు బడి చరిత్ర మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం నసిగారు. వాళ్ళ తప్పు లేదు. గన్‌ఫౌండ్రీ ఆల్ సెయింట్స్ హైస్కూల్లో నేను చదవలేదు. సారు అక్కడ పాఠం చెప్పలేదు. ఆయన పనిచేసింది, నేను చదివింది అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న ఒక తెలుగు మీడియం బడి. కానీ సాయంత్రమైతే బొగ్గులకుంటలో సారు అద్దెకుండే రెండు గదుల ఇంటి ముందు ఆల్ సెయింట్స్ పిల్లల సైకిళ్ళు ఏడెనిమిది నిలబడి ఉండేవి. తెలుగు ట్యూషను. ఫీజు కట్టలేని మా బడి పిల్లలం ఓ మూల చాప మీద, ఫీజు కట్టే వాళ్ళు ఇంకో చాప మీద. చాపలు రెండూ ఒకటే రకం. ఆ బడి నాకు అలా తెలుసు. గోడకు ఇవతల నిలబడి, అవతలివాళ్ళ అక్షరదోషాలు వింటూ తెలుసు.

ఒక ఆదివారం సారు రెండు చాపల వాళ్ళనూ వెంటేసుకుని గన్‌ఫౌండ్రీ చూపించడానికి తీసుకుపోయారు. పదిమందికి తొమ్మిదిమందిమి ఆ పేరుతో బస్‌స్టాపు ఉందని తెలిసినవాళ్ళమే తప్ప ఆ పేరెందుకు వచ్చిందో తెలిసినవాళ్ళం కాదు. తెలిసిన ఆ ఒక్కడు పాతబస్తీ నుంచి వచ్చే కుర్రాడు. “తోప్ కా సాంచా, సార్” అన్నాడు. ఫిరంగి పోసే అచ్చు. సిరిసిల్ల వైపువాళ్ళకు సాంచా అంటే మరమగ్గం కదా, మా చాప మీదున్న సిరిసిల్ల పిల్లవాడు నేత నేసే చోటనుకుని చాలాసేపు మగ్గం కోసం వెతికాడు.

అక్కడున్నది మందపాటి మొండిగోడలు. 1786లో ఫ్రెంచి సేనాని రేమాండ్ నిజాం కోసం పెట్టిన ఫిరంగుల కార్ఖానా అది. రేమాండ్ 1798లో పోయాడు. ఆ ఏడాదే నిజాం దగ్గరున్న ఫ్రెంచి పటాలాన్ని ఇంగ్లీషువాళ్ళు ఆయుధాలు దింపించి ఇంటికి పంపించారు. కార్ఖానా చల్లారింది, పేరు మిగిలింది. సారు ఆ గోడ మీద చెయ్యి వేసి, “ఇక్కడ మొదట ఫ్రెంచోడు ఫిరంగులు పోసిండు. తర్వాత పక్కకే ఇంకోల్లు వచ్చి పిల్లలను పోసిండ్రు. రెండు సాంచాలు” అన్నారు. మేం నవ్వాం. ఆల్ సెయింట్స్ పిల్లలు మాకంటే గట్టిగా నవ్వారు.

ఈ ఉపన్యాసం ఆ నవ్వు దగ్గరే మొదలైందనుకోండి. ఆ సాంచా ఎవరిది, అందులో పోసిన లోహం ఎక్కడిది అన్నది అప్పటినుంచీ నన్ను పట్టుకుని ఉంది.

ఆల్ సెయింట్స్ పుట్టిన సంవత్సరం 1855. ఆ మాట వినగానే మన బుర్రలో సూటుబూట్ల ఇంగ్లీషు దొర ఒకడు కదలాడతాడు. ఆ బొమ్మ తుడిచేయండి. అప్పటి హైదరాబాదులో సర్కారు కాగితం ఫార్సీలో నడిచేది. గద్దె మీద నాల్గో నిజాం నాసిరుద్దౌలా. సాలార్‌జంగు దివానుగిరీ చేపట్టి రెండేళ్ళయింది. బరారు కుంఫిణీ చేతిలోకి పోయి రెండేళ్ళయింది. ఇంకో రెండేళ్ళకు, 1857 జులైలో, తుర్రేబాజ్ ఖాన్ మనుషులు కోఠీ రెసిడెన్సీ మీద పడతారు. అలాంటి ఊళ్ళో, మూసీకి ఉత్తరాన, ఒక కథోలిక మగపిల్లల బడి. చదువుకునేదెవరు? సికిందరాబాదు దండులో కథోలికులు బాగానే ఉండేవారు. ఐరిష్ సిపాయిలు, వాళ్ళకు ఇక్కడ పుట్టిన పిల్లలు, పటాలాల వెంట మద్రాసు వైపు నుంచి వచ్చిన తమిళ క్రైస్తవ కుటుంబాలు. ఇట్లాంటి బడులకు మొదటి అవసరం వాళ్ళది. మనకోసం కట్టిన బడి కాదు. ఈ మాట నిష్ఠూరంగా అనడం లేదు, లెక్క సరిగ్గా ఉండాలని అంటున్నాను.

అప్పటి హైదరాబాదు కథోలికులకు పెద్ద డేనియల్ మర్ఫీ. ఐర్లండులో కార్క్ కౌంటీలో 1815లో పుట్టాడు, మేనూత్ గురువిద్యాలయంలో చదివాడు, గురుపట్టం పుచ్చుకున్న కొద్దికాలానికే మద్రాసు ఓడ ఎక్కాడు. సికిందరాబాదులో సెయింట్ మేరీస్ చర్చి కట్టించినవాడు ఆయనే. 1851లో హైదరాబాదును మద్రాసు నుంచి విడదీసి వేరే మిషనుగా చేసినప్పుడు దాని మేత్రాణులు, అంటే బిషప్పు, ఆయనే. ఆరోగ్యం పాడై ఇక్కణ్ణుంచి వెళ్ళిపోయాడు. ఆ జబ్బు మనిషి 1865లో ఆస్ట్రేలియా అడుగున ఉన్న టాస్మేనియాలో, హోబార్ట్‌కు మేత్రాణులుగా నియమితుడై, ఇంకో నలభై ఏళ్ళు గట్టిగా బతికి, 92వ ఏట, 1907 డిసెంబరులో పోయాడు. ఆకాశంలో నక్షత్రాలు చూసే పిచ్చి కూడా ఉండేదట. మన ఎండ పడని మనిషికి హోబార్ట్ చలి పడింది, అంతే.

నన్ను ఆపింది ఇవేవీ కావు, ఆయన పుట్టిన చోటు. మర్ఫీ పిల్లవాడుగా ఉన్నప్పుడు కార్క్ పల్లెల్లో ఐరిష్ భాష మాట్లాడేవాళ్ళు మెండు. 1831లో అక్కడి ప్రభుత్వం జాతీయ పాఠశాలలు పెట్టింది, బోధన ఇంగ్లీషులో. ఐరిష్ మాట్లాడే పిల్లల మెడలో ఒక కర్రముక్క కట్టేవారు. నోట ఐరిష్ మాట వచ్చినప్పుడల్లా దాని మీద ఒక గాటు. సాయంత్రం గాట్లు లెక్కపెట్టి అన్ని దెబ్బలు. చాలాచోట్ల గాటు పెట్టింది పంతులు కాదు, కన్నవాళ్ళే. అమెరికాకో, ఇంకెక్కడికో పోయి బతకాలంటే పిల్లవాడికి ఇంగ్లీషు రావాలని. 1845లో మొదలైన కరువులో పది లక్షలమంది చచ్చి, మరో పది లక్షలమంది వలసపోయినప్పుడు ఎక్కువగా ఖాళీ అయినవి ఆ ఐరిష్ మాట్లాడే పల్లెలే.

అంటే, 1855లో హైదరాబాదులో ఇంగ్లీషు బడి తలుపు తెరిచింది ఇంగ్లీషు పోగుచేసుకున్నవాళ్ళు, తమ భాష పోగొట్టుకుంటున్నవాళ్ళు. వాళ్ళే వీళ్ళు, వీళ్ళే వాళ్ళు.

ఈ సంగతి నేను సారుకు చెప్పినప్పుడు ఆయన రిటైరై ఉన్నారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మరి గాట్లు మనదిక్కు గూడ పడ్డయి గద” అన్నారు. నిజమే. మా మేనమామ పిల్లలు చదివిన ఒక కాన్వెంటులో – పేరు అనవసరం – తెలుగు మాట వినబడితే పది పైసలు జరిమానా ఉండేది. మా మామయ్య ఆ పది పైసలు నెల మొదట్లోనే చిల్లరగా ఇచ్చి పంపేవాడు. ఆయనకు అది బస్సు కిరాయి లాంటి ఖర్చు. కార్క్ పల్లె తండ్రికీ మా మామయ్యకూ పెద్ద తేడా నాకు కనబడదు, మా మామయ్య దగ్గర చిల్లర ఉండేది, అంతే.

ఐరిష్‌వాళ్ళ తర్వాత ఇటలీవాళ్ళు. మిలాన్ నుంచి వచ్చిన మిషనరీలు 1860ల్లో హైదరాబాదు బాధ్యత తీసుకున్నారు. అప్పుడు ఈ మిషనుది ఒక చిత్రమైన విస్తీర్ణం. ఇటు నిజాం రాజ్యం, అటు బందరు దాకా రాణీగారి ఇలాకా. కృష్ణా తీరం విడిపోయి బెజవాడకు వేరే మిషను వచ్చింది 1933లో. అందాకా బందరు కథోలికుడికీ గన్‌ఫౌండ్రీ కథోలికుడికీ మేత్రాణులు ఒకరే. మన రెండు రాష్ట్రాల కలయికా విడిపోవడమూ వీళ్ళు మనకంటే ముందే ఒకసారి చేసి చూసుకున్నారు.

గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్స్ కెథడ్రల్‌కు 1870లో పునాది పడింది, 1875 క్రిస్మస్‌కు తెరిచారు. ముందు భాగం, జంట గోపురాలు 1891కి పూర్తయ్యాయి. ఇటలీలో పోతపోసిన ఐదు గంటలు ఆ మరుసటి ఏడు వచ్చాయి. ఫిరంగులు పోసిన పేటకు గంటలు పోసుకొచ్చారన్నమాట. కంచు కంచే. ఆ గంటలు మేం విన్నాం. బొగ్గులకుంటలో గాలి ఇటు తిరిగితే ట్యూషన్లో వినబడేవి. సారు వాటిని బట్టి గడియారం సరిచేసుకునేవారు.

ఇప్పుడు ఆ ఆవరణను ఒక్కసారి చెవులతో చూడండి. గంట ఇటాలియన్. రెండో వాటికన్ మహాసభ అయ్యేదాకా, అంటే 1960ల మధ్యదాకా, దివ్యపూజ లాటిన్. తరగతిలో పాఠం ఇంగ్లీషు. గ్రౌండులో తిట్లు ఉర్దూ. తమిళ కుటుంబాల జపమాల తమిళం. ఆ బడిని తర్వాతి కాలంలో నడిపిన సెయింట్ గేబ్రియల్ మాంట్‌ఫోర్ట్ బ్రదర్ల సభ పుట్టింది ఫ్రాన్సులో, హైదరాబాదుకు వచ్చిన బ్రదర్లలో మలయాళం, తమిళం ఇంట్లో మాట్లాడేవాళ్ళు చాలామంది. ఐరిష్, ఇటాలియన్, మలయాళీ, తమిళుడు. నూటడెబ్బై ఏళ్ళుగా ఈ ఇంగ్లీషు బడిని పట్టుకుని నిలబెట్టినవాళ్ళలో ఇంగ్లీషు తల్లిభాష అయినవాణ్ణి వేలుమడిచి లెక్కపెట్టాల్సిందే. పిల్లల సంగతి సరేసరి. ఇంగ్లీషు అక్కడ ఎవరి సొంతిల్లూ కాదు. అందరూ అద్దెకున్నవాళ్ళే. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా భయపడతాం చూడండి, ఈ బడుల ఇంగ్లీషులో ఆ భయం ఉంటుంది. వ్యాకరణం తప్పుతుందేమోనన్న జాగ్రత్త, ఉచ్చారణ మీద పట్టింపు. సొంతిల్లు ఉన్నవాడు అంత జాగ్రత్తగా ఉండడు.

ఇది నా అభిప్రాయం. ఆ బడి పూర్వవిద్యార్థులు ఈ సభలో ఉన్నారు, వాళ్ళకు వేరే అభిప్రాయం ఉండవచ్చు. టీ సమయంలో తిట్టండి.

మరి తెలుగు ఎక్కడుంది? ఈ ప్రశ్న ఆల్ సెయింట్స్‌నే అడిగితే అన్యాయం. అప్పటి హైదరాబాదులో ఎవరిని అడిగినా అదే జవాబు వచ్చేది. కోస్తాలో బందరులో రాబర్ట్ నోబుల్ 1843లోనే బడి పెట్టాడు, అదీ ఇంగ్లీషు చదువే అయినా చుట్టూ ఊరంతా తెలుగు. ఇక్కడ సర్కారు 1880ల్లో ఫార్సీ వదిలి ఉర్దూకు మారింది. 1918లో ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మీడియంలో పుట్టింది. తెలుగువాళ్ళు తమ పుస్తకాలకు ఒక చోటు చూసుకున్నది 1901లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. గన్‌ఫౌండ్రీ నుంచి సుల్తాన్‌బజారుకు నడిచి పోవచ్చు. నడిచి పోయేంత దూరంలోనే ఇంకోటి కూడా జరిగింది. 1921 నవంబరులో వివేకవర్ధినిలో సంఘసంస్కార సభ. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఉపన్యాసాలు ఇంగ్లీషులో, మరాఠీలో, ఉర్దూలో సాగుతున్నాయి. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోయారు. గోల చేసి కూర్చోబెట్టారు. వివేకవర్ధిని కూడా బడే, మన దేశస్థులు పెట్టుకున్న బడి. ఆ రాత్రే కొద్దిమంది కలిసి ఆంధ్రజనసంఘం పెట్టుకున్నారు. తెలంగాణలో తర్వాత జరిగిన పెద్ద పెద్ద విషయాల కొస పట్టుకుని వెనక్కి వెళితే ఆ గోల దగ్గర తేలుతాం.

అందుకని కథోలిక బడి తెలుగును బయట నిలబెట్టిందని నేను అనను. బయట నిలబెట్టడంలో అది ఊరితో పాటు నడిచింది, అంతే.

1948 సెప్టెంబరు, 1956 నవంబరు – ఈ రెండు తేదీలు మనందరికీ వచ్చు, వాటి మీద ఆగను. ఆ మధ్యలో, 1953లో, హైదరాబాదు అగ్రపీఠమైంది, గోపు జోసెఫ్ మార్కు అగ్రపీఠాధిపతి అయ్యారు. ఆ పీఠం మీద కూర్చున్న మొదటి తెలుగువాడు ఆయన. ఐరిష్, ఇటాలియన్ పేర్ల వరస తర్వాత ‘గోపు’ అన్న ఇంటిపేరు చదువుతుంటే ఎండలో నడిచి చెట్టు కిందికి వచ్చినట్టుంటుంది. అదే దశకంలో అబిడ్స్‌లో లిటిల్ ఫ్లవర్, హైదర్‌గూడలో సెయింట్ పాల్స్, కాజీపేటలో సెయింట్ గేబ్రియల్స్ లేచాయి. కొత్త రాజధానికి గుమాస్తాలు, ఇంజనీర్లు, డాక్టర్లు కావాలి, వాళ్ళ పిల్లలకు ఇంగ్లీషు కావాలి. సాంచాలు ఎక్కువయ్యాయి.

1955 దగ్గర మాత్రం ఆగాలి. అది ఆల్ సెయింట్స్‌కు నూరేళ్ళు నిండిన ఏడు. ఆ నవంబరులో, బడికి అడుగుల దూరంలో ఉన్న ఫతేమైదానులో, హైదరాబాదు మొట్టమొదటి టెస్టు మ్యాచి జరిగింది. న్యూజిలాండు మీద. కెప్టెన్ హైదరాబాదీ గులాం అహ్మద్. పాలీ ఉమ్రీగర్ 223 కొట్టాడు. టెస్టుల్లో భారతీయుడు రెండువందలు దాటడం అదే మొదలు. ఆ వారం గన్‌ఫౌండ్రీ పిల్లలు ఎవరైనా తరగతిలో కూర్చున్నారంటే నేను నమ్మను.

మరుసటి ఏడాది, 1956లో, హైదరాబాదు స్కూల్స్ జట్టుకు ఒక పద్నాలుగు పదిహేనేళ్ళ కుర్రాణ్ణి తీసుకున్నారు. బ్యాటింగు చూసి కాదు, బౌలింగు చూసి కాదు, ఫీల్డింగు చూసి. సయ్యద్ ఆబిద్ అలీ. సెయింట్ జార్జెస్‌లోనూ ఆల్ సెయింట్స్‌లోనూ చదువుకున్నాడు. తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ క్రికెట్ జట్టు పెట్టినప్పుడు ఉద్యోగమిచ్చింది. ఆ బ్యాంకు పెద్దాఫీసు ఎక్కడ? గన్‌ఫౌండ్రీలోనే. 1967 డిసెంబరులో ఆడిలైడ్‌లో మొదటి టెస్టులో 55 పరుగులకు 6 వికెట్లు. 1971 ఆగస్టులో ఓవల్‌లో ఇంగ్లండును వాళ్ళ గడ్డ మీద మొదటిసారి ఓడించి సిరీస్ గెల్చినప్పుడు గెలుపు పరుగులు కొట్టిన బ్యాటు ఆయనదే. ఇంగ్లీషు బడి పిల్లవాడు ఇంగ్లీషువాడికి అద్దె చెల్లువేసిన సందర్భం అది. మూడు నాలుగు సందుల్లో ఒక జీవితమంతా సరిపోయింది చూడండి: బడి, బ్యాంకు, మైదానం. ఇప్పుడు ఆ బ్యాంకు పేరు లేదు, 2017లో పెద్దబ్యాంకులో కలిసిపోయింది. ఆబిద్ అలీ నిరుడు కాక ముందటేడు మార్చిలో, అమెరికాలో పోయారన్నది మీకు తెలుసు. కాదు, పొరపడ్డాను, 2025 మార్చి. వయసు పైబడినకొద్దీ దగ్గరి తేదీలే జారుతున్నాయి, దూరపువి కాదు.

ఇక నేను కళ్ళారా చూసినది. 1985 ఫిబ్రవరి. పదో తరగతి పరీక్షలు నెత్తి మీదున్నాయి. ట్యూషన్లో పదిహేనుమందిమి. కానీ ఆ వారం ఎవరికీ ఛందస్సు ఎక్కడం లేదు. ఆల్ సెయింట్స్‌లో చదివిన అజారుద్దీన్ కలకత్తాలో 110, మద్రాసులో 105, కాన్పూరులో 122 కొట్టి కూర్చున్నాడు. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు, ప్రపంచంలో ఎవడూ చేయనిది. వాళ్ళ చాప వాళ్ళు ఆ నెల నేల మీద నడవలేదు. సారు కాసేపు చూశారు. తర్వాత వ్యాకరణం పుస్తకం మూసి, పక్కింటి నుంచి ఆనాటి తెలుగు పేపరు తెప్పించి, ఆటల పేజీ తీసి, “ఉక్తలేఖనం” అన్నారు.

ఒక్కొక్క వాక్యం చదువుతున్నారు. మేం రాస్తున్నాం. పాతబస్తీ కుర్రాడు ఒకడు – ఆనాడు తోప్ కా సాంచా చెప్పినవాడికి తమ్ముడు – నాలుక బయటపెట్టి రాస్తున్నాడు. ఇంట్లో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, తెలుగు అతనికి కేవలం మార్కుల కోసం. నోటుబుక్కు సారు చేతికి వెళ్ళింది. చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, పైకి చదివారు: “అజారుద్దీన్ కాన్పులో మూడో శతకం చేశాడు.”

‘కాన్పూరు’లో ఒక్క అక్షరం, దానికి ముందు ఒక దీర్ఘం జారిపోయాయి. మా చాప ఒరిగిపోయింది. ఆ అబ్బాయికి కాన్పు అంటే ఏమిటో తెలియదు. చెప్పాక ఎర్రబడి, తర్వాత అందరికంటే ఎక్కువ నవ్వాడు. సారు నవ్వాపుకుని, “కాన్పుల శతకం గొట్టుడంటే మాటలా బిడ్డా, వాళ్ళమ్మను అడగాలె” అన్నారు.

అక్కడితో వదల్లేదు. “శతకం అంటే ఏందిరా?” అన్నారు. వాళ్ళ చాప: “సెంచరీ సార్.” మా చాప: “సుమతీ శతకం సార్, వేమన శతకం సార్.” “రెండూ ఒక్కటే. నూరు. వేమనది ఎవడు లెక్కపెట్టిండు, సుమతిది ఎవడు లెక్కపెట్టిండు. ఈయనవి మూడు అయినయి గద. మూడు శతకాలోడు ఇంకెవడన్న ఉన్నడా?” ఎవరికీ తట్టలేదు. “భర్తృహరి” అన్నారు. నీతి, శృంగార, వైరాగ్యాలు. “కలకత్తది నీతి. మొదటి మ్యాచి, జాగ్రత్తగ ఆడుతడు. మద్రాసుది శృంగారం, ఆ మణికట్టు చూడున్రి. కాన్పూరుది వైరాగ్యం, ఎట్లన్న డ్రా అయ్యే మ్యాచి.”

ఆ పరీక్షలో సుభాషితాల ప్రశ్న వస్తే ఆల్ సెయింట్స్ పిల్లలు ఒక్కరూ తప్పలేదని సారు గొప్పగా చెప్పుకునేవారు. నేనెప్పుడూ పరిశీలించలేదు. 2000లో అజారుద్దీన్ మీద క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం పెట్టిన రోజు సారు పేపరు మడిచి, “నీతి ముందు కాదురా, ఆఖరుకు రాయాల్సి ఉండె” అన్నారు. 2012లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదన్నప్పుడు ఆ మాట వెనక్కి తీసుకున్నారు. తీసుకున్నట్టు నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు. అక్షరం దిద్దినట్టే మాటనూ దిద్దుకునే మనిషి.

ఆల్ సెయింట్స్ మైదానం నుంచి ఒక తెలుగు పేరూ భారత జట్టుకు వెళ్ళింది, వెంకటపతి రాజు. తూర్పుగోదావరి ఆలమూరులో పుట్టినవాడు, ఎడమచేతి స్పిన్నరు. గోదావరి బిడ్డ, హైదరాబాదు బిడ్డ, అద్దె ఇంగ్లీషు మాట్లాడే బ్రదర్ల గ్రౌండులో ఒక వలలో ఆడారు. బంతి అడిగేటప్పుడు ఏ భాషలో అడిగారో మీరే ఊహించుకోండి. ‘దే మియా’ అనే ఉంటారని నా పందెం.

2018లో తెలంగాణ ప్రభుత్వం అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఆ వార్త విని నేను సారు ఇంటికి పరుగెత్తాను, సంతోషిస్తారని. ఆయన మంచం మీద లేచి కూర్చుని, “తప్పనిసరి అంటే మార్కులు. మార్కులంటే మళ్ళ ట్యూషను. మంచిదే, ఎవనికో బత్తెం” అన్నారు. అంతకుమించి ఉత్సాహపడలేదు. చట్టం వద్దని ఆయన ఉద్దేశం కాదు. జరిమానా పెట్టి మాన్పించిన భాషను జరిమానా పెట్టి నేర్పించడంలో ఏదో కితకితగా ఉందనుకుంటాను ఆయనకు.

ఇంతకీ ఆల్ సెయింట్స్ లోపలికి సారు ఒక్కసారే వెళ్ళారు. ఇరవై ఏళ్ళు ఆ బడి పిల్లలకు ట్యూషను చెప్పినా వెళ్ళలేదు, వాళ్ళూ పిలవలేదు, పిలవాల్సిన అవసరమూ లేదు. పదో తరగతి పరీక్షలకు ఇన్విజిలేటరుగా డ్యూటీ పడితే వెళ్ళారు. ఆ సాయంత్రం మేమందరం చుట్టూ చేరాం. రెండు చాపలూ. ఆ బడి పిల్లలకు కూడా తమ బడి గురించి సారు ఏమంటారో వినాలని ఆత్రం.

“ఎట్లుంది సార్ లోపల?”

“ఎట్లుంటది? బడి లెక్కనే ఉంది. మూడు గంటలు తిరిగిన. బల్లల మీద పేర్లు చెక్కిండ్రు. ఇంగ్లీషుల చెక్కినయి మస్తు. ఉర్దూల నాలుగైదు. తెలుగుల ఒక్కటే.”

“ఎవరిది సార్?”

“ఎవడో శ్రీనివాస్. శకారానికి రావత్తు లేదు.”

సారు జేబులో ఎప్పుడూ ఎర్రపెన్ను ఉండేదని ఇక్కడున్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.